శ్రీ సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితము

లోకమున క్రీడావీరులని పేరొందినవారిలో పెక్కండ్రు తమ స్వంత భుజబలముచేత ప్రసిద్ధులైరి. ముష్టియుద్ధమున హెవీవెయిట్ తరగతికి చెందిన అమెరికా వీరుడు జో లూయీ 1937 మొదలుకొని 1949 వరకు, ఇంచుమించు పండ్రెండేండ్లు, జగజ్జెట్టియై నిలిచి, ఇరువదియైదు మారులు తన బిరుదమును కాపాడుకొనెను. అట్టివారి కథలను మన బాలురు నేటికిని ఉత్సాహముతో చెప్పుకొందురు. ఇంచుమించు అంతే కాలము, అనగా 1951 మొదలుకొని 1962 వరకు, ఆసియాఖండమునందు భారతదేశపు ఫుట్‌బాలు కీర్తిని నిలిపిన మహనీయు డొకరు మన హైదరాబాదుననే పుట్టి, మన హైదరాబాదుననే బడిపంతులుగా పనిచేసిరి. వారి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. వారి మెడలో పతకము లెవ్వరును వేయలేదు. పతకములు ధరించినవారందరు వారి శిష్యులు.

తార్నాకలో నివసించు మన విద్యార్థులలో పెక్కండ్రు సాయంకాలములందు ఉస్మానియా విశ్వవిద్యాలయపు మైదానములకు బంతి తీసికొని పోవుచుందురు. ఆ విశ్వవిద్యాలయపు జట్టులోనే రహీంగారు తమ యౌవనమున ఆడిరని ఎరిగినవారు మాత్రము మిక్కిలి అరుదు. అందుచేత ఈ సంచికయందు వారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయ సంకల్పించితిమి.

రహీంగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయము లేదు. 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్‌గారు దానిని స్థాపించిరి. ఉర్దూభాషలో ఉన్నతవిద్య బోధించుట దాని విశేషము. నేడు మనము తార్నాకనుండి పోవునపుడు కనుపించు ఆర్ట్సు కళాశాల గులాబిరాతి భవనము 1939లో ప్రారంభోత్సవము గాంచినది. రహీంగారి విద్యార్థిదశలో ఈ భవనమును లేదు, ఈ విశాలమైన ఆవరణమును లేదు. నగరమధ్యమున గన్‌ఫౌండ్రీ ప్రాంతపు భవనములలో తరగతులు జరుగుచుండెను. అట్టి దినములలో వారు విశ్వవిద్యాలయపు జట్టున చేరి ఆడిరి. పిదప నగరములోని ఖమర్ క్లబ్బు పక్షమునను ఆడిరి. ఆటగాడుగా వారు సమర్థులే గాని, దేశమంతట పేరు మ్రోగినవారు కారు. వారి ప్రతిభ వేరొక త్రోవను వెదకుకొనినది.

చదువు ముగిసిన పిదప రహీంగారు ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. కాచిగూడ మిడిల్ స్కూలునందును, ఉర్దూ షరీఫ్ పాఠశాలయందును, దారుల్ ఉలూం హైస్కూలునందును, చాదర్‌ఘాట్ హైస్కూలునందును పనిచేసిరి. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, పాఠశాలలో ఆటల బాధ్యతను తామే వహించిరి. 1940వ దశకపు ఆరంభమున హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా ఎన్నుకొనబడి, మరణించువరకు ఆ పదవియందే ఉండిరి. అనగా, పగలు తరగతిగదిలో నల్లబల్ల యెదుటను, సాయంకాలము మైదానమునను వారి జీవితము గడచుచుండెను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చిన పాఠములలో ముఖ్యమైన దొకటి కలదు. బాలునియందలి సామర్థ్యమును మెచ్చుకొనుట సులభము. అతని లోపమును కనిపెట్టి, అతడు సిగ్గుపడకుండునట్లు దానిని దిద్దుట కష్టము. రహీంగారు ఈ కష్టమైన పనిని ఆటలోనికి తెచ్చిరి. ఆ రోజులలో మన ఆటగాండ్రకు బంతిని తమ కాళ్లనడుమనే ఉంచుకొని, ఒక్కొక్కరిని తప్పించుకొని పోవుటయందు మోజు మెండు. చూచువారు చప్పట్లు కొట్టెడివారు. జట్టు మాత్రము ఓడిపోయెడిది. రహీంగారు డ్రిబ్లింగు చేయరాదను నియమముతో పోటీలు పెట్టించిరి. బంతి వచ్చినవాడు దానిని వెంటనే తోటివానికి అందింపవలెను. కుడికాలివాటము గల బాలురకు ఎడమకాలితోనే తన్నవలెనను పోటీలు వేరుగా ఏర్పరచిరి. నాలుగడుగుల పది అంగుళములకు మించని చిన్నపిల్లలకు ప్రత్యేకముగా పోటీలు జరిపించిరి. పెద్దపిల్లల నడుమ చిన్నవాడు నలిగిపోవుటయు, ఆటమీద విసుగుచెంది మానుకొనుటయు పాఠశాలలలో మేము నిత్యము చూచుచున్నదే. ఈ మూడు ఏర్పాటులకును ఖర్చు లేదు, పెద్ద సామగ్రి లేదు. కావలసినది బాలుని జాగ్రత్తగా చూచు కన్ను మాత్రమే.

1950లో రహీంగారు హైదరాబాదు నగరపోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టులోని ఆటగాండ్రు పోలీసు ఉద్యోగులు. వారిని రహీంగారు పాఠశాలాబాలుర వలెనే క్రమశిక్షణలో పెట్టిరి. ఫలితము మొదటి సంవత్సరమే కనుపించినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఢిల్లీలో మొదటిమారు జరిగిన డ్యూరాండ్ కప్పు పోటీలో ఈ జట్టు కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ వంటి ప్రఖ్యాతమైన జట్టును ఓడించి కప్పును హైదరాబాదునకు తెచ్చినది. బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలుచుకొనినది. అంతవరకు ఫుట్‌బాలు అనగా కలకత్తాయే అని దేశమంతయు తలచుచుండెను. 1956–57, 1957–58 సంవత్సరములలో రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని గూడ హైదరాబాదు జట్టే రెండుమారులును గెలిచినది. రెండుమారులును తుదిపోటీలో ఓడినది బొంబాయి జట్టు.

ఇంతలో దేశపు జట్టును తీర్చిదిద్దు భారము రహీంగారిపై పడినది. 1951 మార్చిలో ఢిల్లీనగరమున మొదటి ఆసియా క్రీడలు జరిగెను. భారతజట్టు ఇండొనీషియాను 3–0 గోలులతోను, ఆఫ్గనిస్థానమును 3–0 గోలులతోను ఓడించి, తుదిపోటీలో ఇరానును ఎదుర్కొనినది. సాహూ మేవాలాల్ చేసిన ఒకే ఒక గోలుతో బంగారు పతకము మనకు దక్కినది. స్వతంత్రభారతమునకు అది క్రొత్త యుత్సాహము నొసగెను.

అయితే విజయము వెంట పరాభవమును వచ్చినది. 1952లో ఫిన్లండు దేశపు హెల్సింకీ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో ఓడిపోయెను. మన ఆటగాండ్రలో పెక్కండ్రు ఆ శీతలదేశమునను వట్టికాళ్లతోనే ఆడిరి. మన ఎండిన నేలపై వట్టికాలు చురుకుగా కదలును. తడిసిన చల్లని పచ్చికపై, బూట్లు తొడిగిన బలిష్ఠుల యెదుట, ఆ చురుకుదనము నిలువలేదు. పిదప దేశపు ఫుట్‌బాలు సంఘమువారు బూట్లు తప్పనిసరి చేసిరి. రహీంగారు ఆ ఓటమిని సాకులతో కప్పిపుచ్చక దానినుండి నేర్చుకొనిరి. 1953లో హంగరీ జట్టు లండను నగరముననే ఇంగ్లండును 6–3 గోలులతో ఓడించి లోకమును అబ్బురపరచినది. రహీంగారు హంగరీవారి పద్ధతులను శ్రద్ధగా గమనించిరి. ఇద్దరే బ్యాకులతో ఆడు పాతపద్ధతిని విడిచి, క్రమక్రమముగా వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచు క్రొత్తపద్ధతిని మనవారికి అలవరచిరి. ఓడిన నాలుగేండ్లకు వారి కృషి ఫలించినది.

1956లో ఆస్ట్రేలియాదేశపు మెల్బోర్న్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. మొదటి ఆటలో మనకు ఎదురు నిలువవలసిన హంగరీ జట్టు రానందున, మనవారు నేరుగా తరువాతి ఆటకు పోయి ఆస్ట్రేలియాతో తలపడిరి. ఆతిథేయులను వారి నేలమీదనే 4–2 గోలులతో ఓడించిరి. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఒకే ఆటయందు మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాసి ఆతడే. సెమీఫైనలులో నాలుగేండ్ల క్రిందట మనలను చిత్తుచేసిన యుగోస్లావియాయే మరల ఎదురుపడెను. మొదటి గోలు చేసినది మనవారే. తుదకు 4–1 గోలులతో ఓడిపోయినను, 10–1కిని 4–1కిని నడుమ గల అంతరమే రహీంగారి నాలుగేండ్ల పాఠమునకు కొలమానము. పిదప బల్గేరియా చేతిలో 3–0 గోలులతో ఓడి, మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. అంతకు ముందు ఆసియాదేశ మేదియు ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతవరకు పోలేదు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ మొదలగు హైదరాబాదు బిడ్డలు పెక్కురుండిరి.

వీరిలో బలరాంగారి కథను మన బాలురు తప్పక వినవలెను. ఆయన సికింద్రాబాదు చెంత నున్న అమ్ముగూడ గ్రామమున పేదకుటుంబమున పుట్టిరి. ఆయన ఆట రహీంగారి కంటబడినది. నగరమునకు వచ్చి అభ్యాసము చేయుమని వారు పిలిచిరి. కాని అంతదూరము నిత్యము వచ్చుటకు ఆ కుఱ్ఱవానికి సాధనము లేదు. అప్పుడు రహీంగారు సైకిలు బాడుగకై రోజునకొక రూపాయి తామే ఇచ్చి రప్పించుకొనిరని బలరాంగారు వృద్ధాప్యమున కృతజ్ఞతతో చెప్పుకొనుచుండిరి. ఆ రూపాయి ఒక బడిపంతులు ఇచ్చినదని మనము మరువరాదు. ఆ సైకిలుమీద వచ్చిన కుఱ్ఱవాడు రెండు ఒలింపిక్ క్రీడలలో ఆడి, దేశపు ఉత్తమక్రీడాకారులలో ఒకడై, 2023లో పరమపదించువరకు తన గురువును తలచుకొనుచునే యుండెను.

1960లో రోమునగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో మనవారు హంగరీతో 2–1 గోలులతో ఓడిరి. ఫ్రాన్సుతో 1–1గా సమానముగా నిలిచిరి. పెరూతో 3–1 గోలులతో ఓడిరి. పతకము రాకపోయినను, ఐరోపాదేశపు మేటిజట్ల యెదుట తలవంచుకొనని ఆట అది. ఆ జట్టులో రహీంగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం గూడ నుండెను. అయినను ఒక్క ఆటలోనైనను ఆతడు మైదానములో దిగలేదు. శిక్షకుడు తండ్రియైనందున కుమారునికి ఒక ఆట దక్కవలెనను భావమునకు ఆ జట్టులో తావులేకుండెను. హకీంగారు తరువాత భారత వాయుసేనలో అధికారియై, అంతర్జాతీయ రిఫరీయై, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము నొంది, 2021లో మరణించిరి. తమ ఇంటివారినిగూర్చి ఇతరులు వేలెత్తి చూపకుండ నడచుకొనుట ప్రతి ఉపాధ్యాయునికిని నిత్యపరీక్ష. ఆ పరీక్షలో రహీంగారు నిలిచిరి.

ఇక వారి జీవితమున కడపటిదియు, అన్నిటికంటె గొప్పదియు నగు ఘట్టమునకు వచ్చుచున్నాము. 1962లో ఇండొనీషియా దేశపు జకార్తా నగరమున నాలుగవ ఆసియా క్రీడలు జరిగెను. అప్పటికే రహీంగారి ఊపిరితిత్తులను క్యాన్సరు రోగము పట్టియుండెను. దేహము క్షీణించుచుండగనే వారు జట్టు వెంట సముద్రము దాటిరి.

మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 2–0 గోలులతో ఓడిపోయిరి. తరువాత థాయిలాండును 4–1 గోలులతో ఓడించిరి గాని, ఆ ఆటలో మన ప్రధాన రక్షకుడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు వేయవలసివచ్చెను. పిదప జపానుపై 2–0 గోలులతో గెలిచి సెమీఫైనలు చేరిరి. గాయపడిన జర్నైల్‌ను రహీంగారు వెనుక స్థానమునుండి తప్పించి, సెంటర్ ఫార్వర్డుగా నిలిపిరి. రక్షకుని ముందుకు పంపుట సాహసమే. కాని ఆతడు యౌవనమున ఆ స్థానమున ఆడిన సంగతి గురువునకు తెలియును. దక్షిణ వియత్నాముపై మనవారు 3–2 గోలులతో గెలిచిరి. ఆ గోలులలో ఒకటి జర్నైల్‌దే.

సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీ. ఎదుట నిలిచినది మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. అంతకంటె గొప్ప చిక్కు వేరొకటి కలిగెను. ఇజ్రాయిలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానీయలేదని భారతదేశపు క్రీడాప్రతినిధి జి. డి. సోంధీగారు ఆక్షేపించిరి. దానిచే జకార్తా ప్రజలు భారతీయులపై ఆగ్రహించిరి. మన రాయబార కార్యాలయముపై దాడియు జరిగెను. ఇంచుమించు లక్షమంది కూడిన ఆ మైదానమున మనవారికి అనుకూలముగా పలికిన గొంతుకలు బహు స్వల్పము. మన ఆటగాండ్రు బంతిని తాకినప్పుడెల్ల గేలి అరుపులు మిన్నుముట్టినవి.

ఆ ముందటి రాత్రి రహీంగారు ఆటగాండ్రను చెంతకు పిలిచి, తమకు కానుకగా మరునాడు బంగారు పతకమును గెలిచి యిమ్మని మాత్రము కోరిరట. ఆటగాండ్రలో కొందరు ముసలితనమున ఆ సంగతి తలచుకొని కంట తడిపెట్టుచుండిరి. గురువు అంతవరకు తనకొరకు ఏదియు అడిగినవారు కారు.

మరునాడు జ్వరమునుండి అప్పుడే కోలుకొన్న తంగరాజ్‌ను రహీంగారు గోలు కాపాడుటకు నిలిపిరి. తలకు కట్టుతోనే జర్నైల్ ముందుస్థానమున ఆడెను. ఆట మొదలైన పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ మొదటి గోలు చేసెను. ఇరువదవ నిమిషమున జర్నైల్ రెండవ గోలు చేసెను. కొరియావారు తుదిఘడియలలో ఒక గోలు తిరిగి చేసిరి గాని, చునీ గోస్వామి నాయకత్వమున మనవారు పట్టు విడువక 2–1 గోలులతో జయము గాంచిరి. ఆనాటి జట్టులో హైదరాబాదు ఆటగాడు యూసుఫ్ ఖాన్‌గారును పాల్గొనిరి. లక్షమంది గేలిచేసిన మైదానముననే మన జాతీయగీతము మ్రోగెను.

అట్లు శిష్యులు గురువు కోరిన కానుకను చెల్లించిరి. గురువు దానిని ఎక్కువకాలము చూచుకొను భాగ్యమునకు నోచుకొనలేదు. తొమ్మిది నెలలు తిరిగినవో లేదో, 1963వ సంవత్సరము జూను 11వ తేదీన రహీంగారు స్వర్గస్థులైరి. అప్పటికి వారి వయస్సు ఏబది మూడేండ్లు. శిక్షకుల నిమిత్తము ద్రోణాచార్య పురస్కారమును ప్రభుత్వమువారు నెలకొల్పినది 1985లో. వారి కాలమున అట్టి గౌరవమే లేకుండెను. 2024లో వారి చరిత్రమును చిత్రించు మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడిన పిదపనే పెక్కండ్రు వారి పేరు వినిరి.

రహీంగారు పోయిన పిదప భారత ఫుట్‌బాలు చరిత్ర చూచినచో మనస్సు చివుక్కుమనును. 1970లో హైదరాబాదువాడగు సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వమున ఆసియా క్రీడలలో కంచుపతకము వచ్చినది. బంగారు పతకము మాత్రము 1962 తరువాత మరల రాలేదు. 1960 తరువాత మన ఫుట్‌బాలు జట్టు ఒలింపిక్ క్రీడలకు అర్హత సంపాదింపలేదు. దీనికి కారణములు పెక్కు గలవు. మా దృష్టికి తోచు కారణము లందొకటి ఈ పత్రికను చదువు మనకందరకు సంబంధించినది. రహీంగారి కాలమున హైదరాబాదు ఫుట్‌బాలు పాఠశాలల ఆవరణములందు పెరిగినది. పెద్దపోటీలలో మెరసిన కుఱ్ఱవాడు ముందుగా ఏదో యొక వీధిబడి మైదానమున పంతులుగారి కంట పడెడివాడు. నేడు ఎన్నో పాఠశాలలకు మైదానమే లేదు. ఉన్నచోటనైనను పరీక్షల తొందరలో ఆటలగంటకు లెక్కల పాఠము చెప్పుట అలవాటైనది.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. బాలుడు సాయంకాలము గంటసేపు బంతితో గడపినచో చదువు పాడగునని భయపడకుడు. రహీంగారు విశ్వవిద్యాలయమున పట్టము పొందినవారే, పాఠశాలలో పాఠము చెప్పినవారే. వారు ఆటను చదువునకు శత్రువుగా నెన్నడును భావింపలేదు. మన తోటి ఉపాధ్యాయులకు మనవి మరియొకటి. తరగతిలో మెరయు బాలుని చూచుటకు శ్రమ యక్కరలేదు. బెంచీల వెనుక కూర్చున్న పొట్టివానిని, ఎడమకాలు మొద్దుబారినవానిని, సైకిలు బాడుగకు రూపాయి లేనివానిని చూచుటకే మనమున్నాము.

విద్యార్థులారా! మీలో అందరును భారతజట్టున చేరలేరు. చేరవలసిన పనియు లేదు. కాని మీకు బంతి వచ్చినపుడు దానిని కాళ్లకడనే దాచుకొనక, మీకంటె మంచిచోట నిలిచిన తోటివానికి అందించు నేర్పును మీరందరును అభ్యసింపవచ్చును. మీ బలహీనమైన కాలితో తన్నుటకు సిగ్గుపడక, ప్రతిదినము కొంతసేపు దానితోనే అభ్యసింపవచ్చును. రహీంగారు కాచిగూడ బడిపిల్లలకును, నగరపోలీసులకును, ఒలింపిక్ వీరులకును చెప్పిన పాఠము ఈ రెండే. ఆ పాఠమును నేర్చుటకు మీ పాఠశాల మైదానమును, ప్రక్కనున్న విశ్వవిద్యాలయపు మైదానమును చాలును.